దుప్పటంత వెచ్చటి నేల

రఘువీర్ టూత్‌బ్రష్ కొనాలన్నా పదిమందిని అడుగుతాడు. ఆ పదిమందిలో ఇంట్లో ఉన్న పెళ్ళాం మాత్రం ఉండదు. చెడ్డవాడేం కాదు పాపం, రాధారాణి అంటే ప్రాణమే. కాకపోతే పక్కనున్న మనిషికి ఏం కావాలో తనకెటూ తెలుసని అతని నమ్మకం. ఇక మిగిలింది ఊళ్ళోవాళ్ళ అభిప్రాయమే కదా!

మంచు కురిసే నేపర్‌విల్‌లో వాళ్ళ ఇల్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వంటింటి కింద బేస్‌మెంట్ మాత్రం ఏ పనీ చేయించకుండా బోడిగా వదిలేశారు. చలికాలం మొదలైందంటే ఆ చల్లదనమంతా టైల్స్‌లోంచి పైకి పాకుతుంది. హీటర్ గాలి తలకు తగులుతుందే తప్ప కాళ్ళదాకా రాదు. పొయ్యి ముందు అరగంట నిలబడితే రాధారాణికి పాదాలున్నాయో లేవో తెలియదు. రెండు జతల సాక్సులు వేసుకున్నా అంతే.

చెప్పులు వేసుకోవచ్చుగా అంటారా? ఆ వంటింటి ప్యాంట్రీలోనే, పై అరలో దేవుళ్ళున్నారు. ఒకసారి ఆవిడ మెత్తటి ఇంటి చెప్పులు కొనుక్కుంది కూడా. "దేవుడి ఎదురుగా చెప్పులేంటి రాధా?" అన్నాడు రఘువీర్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది యవ్వారం. చెప్పులు షూ ర్యాక్‌లోకి వెళ్ళిపోయాయి.

అప్పుడే రాధారాణి నోరు తెరిచి అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అడిగినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"ఏవండీ, నేల కింద వేసే ఎలక్ట్రిక్ హీటింగ్ ఉంటుందట. వంటిల్లంతా అక్కర్లేదు. స్టవ్‌కీ సింక్‌కీ మధ్య, దుప్పటంత మేర వేయించండి చాలు."

"గుడ్ ఐడియా! రీసెర్చ్ చేస్తాను" అన్నాడు రఘువీర్, కళ్ళు మెరుస్తుండగా.

ఆ రీసెర్చ్ అన్న మాట వినగానే రాధారాణికి ఈ చలికాలానికి ఆశ వదులుకోవచ్చని అర్థమైపోయింది.

నేల కింద వేడినీళ్ళ గొట్టాలు మేలా, కరెంటు తీగలు మేలా అని నెల్లాళ్ళు చదివాడు. ఒక్క గదికైతే కరెంటే మేలని తేలింది. తీగ విడిగా పరచాలా, చాపలా అల్లి వచ్చేది కొనాలా అని మరికొన్నాళ్ళు. పైన టైలా, చెక్కా అని ఇంకొన్నాళ్ళు. చివరికి వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టాడు. ఎండకు నేలమీద కాలు పెట్టలేని చాండ్లర్‌కు మకాం మార్చేసిన లోకేష్ కూడా, మొహమాటం లేకుండా, ఓటేశాడు. ఒక చలికాలం పోయింది, రెండోదీ పోయింది. రాధారాణి పాదాలు మాత్రం ఆ పోల్‌లో లేవు.

ఎటూ తేలని విషయాలు ఆ ఊళ్ళో విశ్వనాథం గారి దగ్గరకు వెళతాయి. ఆయన ముప్పై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. ఇంటి లోన్ దగ్గర్నుంచి గృహప్రవేశం ముహూర్తం దాకా ఆయన మాటే వేదం. శుచి విషయంలో మహా పట్టింపు. హోటల్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. "ఆ కిచెన్‌లో ఎవడు ఏ చేత్తో ఏం ముట్టుకున్నాడో నీకు తెలుసా?" అంటారు. పైవాళ్ళ ఇళ్ళలో ఆయన తినేది ఒక్క రాధారాణి చేతి వంటే.

ఆయన తీర్పు చెప్పేశారు. "వంటింట్లో ఎందుకయ్యా దండగ? అక్కడ పొయ్యి వేడి ఉండనే ఉంటుంది. మాస్టర్ బాత్‌లో వేయించు. మా ఇంట్లో అదే ఉంది. పొద్దున్నే కాలు పెడితే స్వర్గం అనుకో. రేపు ఇల్లమ్మేటప్పుడు రీసేల్ వాల్యూ కూడా!"

ఇంకేముంది, మేడ మీద బాత్‌రూమ్ నేల తవ్వారు, తీగల చాప పరిచారు, పైన ఇటాలియన్ టైల్ వేశారు. ఎప్పుడు వెళ్ళినా వెచ్చగా ఉండాలని రఘువీర్ దాన్ని రాత్రింబవళ్ళు ఆన్‌లోనే పెట్టాడు. "ఎలా ఉంది రాధా?" అని మురిసిపోతూ అడిగాడు. "బాగుంది" అంది రాధారాణి. కిందకు వచ్చి, గడ్డకట్టిన టైల్స్ మీద నిలబడి, ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయల వల్లే అనుకున్నాడు రఘువీర్.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ ఏడే పాత అవన్ పోయింది. ఈ చలిదేశంలో ఇడ్లీ పిండి పులవాలంటే అందరికీ ఒకటే ఉపాయం. గిన్నె అవన్‌లో పెట్టి లోపలి బల్బు వేసి వదిలేస్తే, ఆ బల్బు వేడికి తెల్లారేసరికి పొంగుతుంది. రఘువీర్ మళ్ళీ రీసెర్చ్ చేసి తెచ్చిన కొత్త అవన్‌లో ఎల్ఈడీ బల్బు ఉంది. దానికి వెలుగే తప్ప వేడి లేదు. రుబ్బిన పిండి రెండు రోజులున్నా సిమెంటులా పడి ఉంటోంది. ఇడ్లీలు గోడకేసి కొడితే గోడ పగిలేలా వస్తున్నాయి.

"ఈమధ్య నీ ఇడ్లీ కుదరట్లేదు రాధా" అన్నాడు రఘువీర్ ఒకరోజు.

ఒళ్ళు మండిపోయింది రాధారాణికి. ఆ మంటలోనే, ఉతికిన బట్టలు సర్దడానికి మేడ మీదకు వెళ్ళింది. బాత్‌రూమ్‌లో కాలు పెట్టగానే అరికాళ్ళకు హాయిగా తగిలింది. ఆగిపోయింది. వంగి నేలమీద అరచెయ్యి ఆనించింది. అచ్చం పిండి పులవడానికి కావలసినంత వేడి!

ఛీ ఛీ, అనుకుంది. బాత్‌రూమ్‌లోనా? కమోడ్ పక్కనా? అనుకుంటూనే కిందకు దిగింది, అనుకుంటూనే గిన్నె ఎత్తుకుంది. మూల రెండుసార్లు కడిగింది. స్టీలు పళ్ళెం వేసి, దానిమీద గిన్నె పెట్టి, మూత పెట్టి, పైన ఉతికిన తువ్వాలు కప్పింది. ఫోన్‌లో తల పెట్టుకుని వచ్చిపోయే రఘువీర్‌కి అదొక తువ్వాళ్ళ కుప్పలానే కనిపిస్తుంది. ఆ పైన ప్యాంట్రీలోకి వెళ్ళి దేవుడికి విన్నవించుకుంది. "తప్పయితే క్షమించు స్వామీ. ఆ అవన్ కొన్నది నేను కాదు, వెచ్చటి నేల అక్కడ వేయించిందీ నేను కాదు."

దేవుడు క్షమించడమే కాదు, ఆశీర్వదించినట్టున్నాడు. మర్నాడు పిండి మూత దాకా పొంగింది. ఇడ్లీలు మల్లెపువ్వులే! రఘువీర్ ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ "అరే, ఏం చేశావ్? రవ్వ బ్రాండ్ మార్చావా?" అన్నాడు. "చెయ్యి మార్చాను" అంది రాధారాణి. ఆ చలికాలమంతా ఆవిడ ఇడ్లీ పేరు ఊరంతా మోగిపోయింది. విశ్వనాథం గారైతే కళ్ళు మూసుకుని తిన్నారు. "చూశారా, ఇదీ శుచి అంటే. మడి లేని వంటకి ఈ మెత్తదనం వస్తుందా?" అని నలుగురి ముందూ అన్నారు. రాధారాణి చట్నీ తెచ్చే మిషతో లోపలికి వెళ్ళి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ పొగడ్తలతో రఘువీర్‌కి కాలు నిలవలేదు. ఆదివారం టిఫిన్‌కని ఊరందరినీ పిలిచేశాడు. టిఫినంటే సాకు, అసలు సంగతి వెచ్చటి నేల చూపించాలని. మనవాళ్ళను ఇంటికి పిలిస్తే ఇల్లంతా తిప్పి చూపించడం ఆనవాయితీ. అల్మరాలూ బాత్‌రూమ్‌లూ కూడా చూడందే ఎవరికీ తిన్నది అరగదు.

అంతమందికి ఒక్క గిన్నె పిండి ఎక్కడ సరిపోతుంది? రాధారాణి రెండు గిన్నెలు రుబ్బింది. మొదటిది కిందకు తెచ్చి వాయ మీద వాయ దింపుతోంది. రెండోది ఇంకా పొంగాలని మేడ మీదే ఉంచింది. టిఫిన్లయ్యాకే ఇల్లు చూపిస్తాడు, ఈలోగా తెచ్చుకోవచ్చు అనుకుంది. కానీ రఘువీర్‌కి ఆగుతుందా!

"రండి రండి, ముందు మా హీటెడ్ ఫ్లోర్ చూద్దురుగాని" అంటూ లేచాడు. ప్లేట్లు కింద పెట్టి పది పన్నెండు మంది లేచారు. రాధారాణి ఒక్క నిమిషం ఆగండి, అందామని నోరు తెరిచింది.

అంతలో అక్షయ్ అనే కుర్రాడు, కొత్తగా ఇల్లు కొన్నవాడు, అడిగాడు. "కిచెన్‌లో వేయించలేదా అన్నా?"

"కిచెన్‌లో అవసరం లేదు తమ్ముడూ" అన్నాడు రఘువీర్, పెద్ద గొంతుతో. "మా రాధకి చల్లటి ఫ్లోర్ అలవాటైపోయింది. ఎప్పుడూ కంప్లైంట్ కూడా చేయలేదు."

తెరిచిన నోరు మూసేసుకుంది రాధారాణి. పొండి నాయనా, అందరూ పొండి, అనుకుంది. కోపంతో కాళ్ళు ఇంకా చల్లబడ్డాయి. పోయే పరువు తనదే అని తెలుసు. అయినా పిలవలేదు. స్టవ్ కట్టేసి, చేతిలో గరిటెతోనే వాళ్ళ వెనక మెట్లెక్కింది.

మేడ మీద అందరూ సాక్సులు విప్పి టైల్స్ మీద నిలబడ్డారు. "ఆహా", "అబ్బ" అంటున్నారు. "ఆ మూల ఇంకా వెచ్చగా ఉంటుంది, రండి విశ్వనాథం గారూ" అని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళాడు రఘువీర్.

ఆ మూల గిన్నె ఉంది. పిండి దివ్యంగా పొంగి, మూతనీ తువ్వాలునీ ఎత్తేసి, తెల్లగా పక్కలనుంచి కారుతోంది. మూరెడు దూరంలో కమోడ్ ఉంది.

"ఇది ఇడ్లీ పిండి కదా అన్నా?" అన్నాడు అక్షయ్.

రఘువీర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరి కళ్ళూ విశ్వనాథం గారి మీద పడ్డాయి. అప్పటికే ఎనిమిది ఇడ్లీలు తిని ఉన్నారాయన. ఆ చలికాలం మొత్తం మీద ఎన్ని తిన్నారో ఆ దేవుడికే తెలియాలి. ఆయన గిన్నె వైపు చూశారు, కమోడ్ వైపు చూశారు, జనం వైపు చూశారు. మైల అంటే తన మడి గంగలో కలిసినట్టు తన నోటితోనే ఒప్పుకోవాలి. ఊరికే ఉందామంటే కడుపులో ఇడ్లీలు ఊరుకోవు. మింగలేరు, కక్కలేరు.

"భలే వెచ్చగా ఉందయ్యా నేల" అన్నారు చివరికి, కిటికీ వైపు చూస్తూ.

"అవునండీ, చాలా వెచ్చగా ఉంది" అన్నారు అందరూ, తేలు కుట్టిన దొంగల్లా. ఎంతమంది చూశారో, ఒక్కరికీ గిన్నె కనబడలేదు!

దిగుతూ మెట్ల దగ్గర గరిటెతో నిలబడ్డ రాధారాణిని చూసి విశ్వనాథం గారు ఆగారు. "ఏమయ్యా రఘువీర్, వంటింట్లో ఇంతవరకూ వేయించలేదా?" అని గద్దించారు. "ఆడపిల్ల రోజంతా నిలబడేది అక్కడ కాదూ? ముందు వంటిల్లు, తరవాతే ఏదైనా. నేను ఎప్పుడూ చెప్పేది అదేగా! రేపే వేయించు."

కింద ఇంకో ఇడ్లీ ఎవరూ అడగలేదు. విశ్వనాథం గారి భార్య దమయంతి వంటింట్లోకి వచ్చి, రాధారాణి చెవిలో నోరు పెట్టింది. "అంత కంగారెందుకే అమ్మాయ్? మా ఇంట్లో ఐదేళ్ళ నుంచీ పిండి పులిసేది అక్కడే. ఇల్లు చూడ్డానికి ఎవరైనా వస్తే టబ్‌లోకి దింపేసి కర్టెన్ లాగేస్తాను. మా ఆయనతో అనేవు సుమా!"

అందరూ వెళ్ళాక రఘువీర్ సోఫాలో కూలబడ్డాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు నీరసంగా.

"థాంక్స్‌గివింగ్ పండగ నుంచి."

"నాకొక్క మాట చెప్పాలి కదా రాధా!"

"మీరు పోల్ పెట్టలేదు కదండీ" అంది రాధారాణి.

ఆ నెలలోనే వంటింటి టైల్స్ లేచాయి. రీసెర్చ్ లేదు, ఓటింగూ లేదు. స్టవ్‌కీ సింక్‌కీ మధ్య, సరిగ్గా దుప్పటంత మేర, నేల వెచ్చబడింది.

ఒక పొద్దున రఘువీర్ ఆఫీసుకి తయారై, పొయ్యి పక్కనే నిలబడి ఇడ్లీ తింటున్నాడు. వట్టి కాళ్ళు టైల్స్ మీద ఆడించాడు. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఇక్కడ ఇంత హాయిగా ఉంటుందని నువ్వు ముందే చెప్పుండాల్సింది రాధా."

రాధారాణి చేతిలో గరిటె ఆగిపోయింది. మూడు చలికాలాల మాటలు ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. ఆ వచ్చినవి నవ్వుగా మారిపోతుంటే ఆపుకుంది.

"హాయిగానే ఉంటుంది, మీరు ఆఫీసుకి వెళ్ళేదాకా. మీరటు వెళ్ళగానే ఇది చల్లబడిపోతుంది."

"ఓ, అదా. కరెంట్ సేవ్ అవుతుందని ఫోన్‌లో టైమింగ్ పెట్టాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎందుకని..." అంటూనే ఆగిపోయాడు. ఇంట్లో ఎవరుంటారో అతనికి ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"అదేగా. అందుకే పిండి ఇంకా పైనే పులుస్తోంది" అంది రాధారాణి, అతని ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేస్తూ. "మీరు తింటున్నది అదే."

రఘువీర్ నమలడం ఆపాడు. ప్లేటు వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. ప్లేటు గట్టు మీద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"నీ ఫోన్ ఇలా ఇవ్వు. ఆ యాప్ నీకే వేసేస్తాను. నీకెప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకో" అన్నాడు.

వేసిచ్చాడు కూడా. రాధారాణి వేలితో నొక్కి వేడి పెంచింది. రఘువీర్ ఆవిడ కాళ్ళకేసి చూశాడు. తర్వాత గట్టు మీది ప్లేటు తీసుకుని, చట్నీ కొంచెం ఎక్కువ అద్దుకుని, మిగిలిన ఇడ్లీ కూడా తినేశాడు.