నీళ్ళు కుదురుకునేదాకా

"చేపల్లేని తొట్టికి మేత వేసే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానమ్మాయ్," అంది అత్తగారు నవ్వు ఆపుకోలేక.

ఆమె కూడా నవ్వేసి, చిటికెడు మేత నీళ్ళలో చల్లి, డ్యూటీకి పరుగెత్తింది. విడమరిచి చెప్పడానికి టైము లేదు. ఉన్నా, వినే ఓపిక ఆ ఇంట్లో ఎవరికుంది గనక! మేత కుళ్ళాలి. కుళ్ళితే నీళ్ళలో విషం పుడుతుంది. ఆ విషాన్ని తినడానికి మంచి బాక్టీరియా చేరుతుంది, ఫిల్టరులోని స్పాంజిని పట్టుకుని మెల్లగా పెరుగుతుంది. అది సరిపడా పెరిగాక వేస్తేనే చేపలు బతుకుతాయి, వాటి మలంలోంచి పుట్టే విషాన్ని కూడా అదే ఎప్పటికప్పుడు తినేస్తుంది. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు, ఓపిక పట్టాలి, అంతే. ఆస్పత్రిలో ఆమె పని ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ ఆవిరిలో పెట్టి క్రిముల్ని చంపడం. "అక్కడ చంపుతుంది, ఇక్కడ పెంచుతుంది. మా ఆవిడ లీలలు అర్థం కావు," అని భర్త ఫోన్లో స్నేహితులకి చెప్పి నవ్వించేవాడు. ఫిల్టరు బిగించిందీ, నీళ్ళు మోసిందీ ఎవరో ఆ స్నేహితులకి చెప్పాడో లేదో ఆమెకి తెలియదు.

ఆమె ఇంత జాగ్రత్త పడటానికి కారణం ఉంది. పోయినేడాది గాజు గిన్నెలో చేపల్ని పెట్టింది ఆయనే. కొళాయి నీళ్ళు పట్టి, తెచ్చిన చేపలన్నిటినీ ఆ పూటే అందులోకి ఒంపి, ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా అన్నీ వెల్లకిలా తేలాయి. వెక్కివెక్కి ఏడుస్తున్న కూతురితో, "మీ అమ్మ సరిగ్గా చూసుకోలేదురా," అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! పాలు విరిగినా, పిల్లకి జలుబు చేసినా వచ్చే మాటే. కూతురు మాత్రం దాన్ని నమ్మింది. అమ్మతో మాట్లాడటం మానేసి, జడకి కూడా నానమ్మ దగ్గరికే పోయింది. దువ్వెన చిక్కుకుని పిల్ల "అబ్బా" అన్నప్పుడల్లా ఆమె వంటింట్లో చెవులు మూసుకోవాలనుకుంది. ఆ తల ఎక్కడ చిక్కు పడుతుందో నానమ్మకేం తెలుసు? నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. పిల్ల ముందు గొడవెందుకని మింగేసింది. "పిల్ల ముందు గొడవెందుకు" అన్నది అత్తగారి మాట, అంతకుముందు అమ్మ మాట. మూసుకున్న నోరు మాత్రం తనదే.

అందుకే ఈసారి నీళ్ళు కుదురుకునేదాకా ఒక్క చేప కూడా తేవద్దని ముందే చెప్పింది. రోజూ డ్యూటీ నుంచి రాగానే, చెప్పులు విప్పినా విప్పకపోయినా, గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసి చూసేది. ఆకుపచ్చ తిరిగితే విషం ఉన్నట్టు, పసుపు తిరిగితే లేనట్టు. నిన్న మొదటిసారి పసుపు వచ్చింది. ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి ఆ గొట్టాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసుకుంది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే వస్తే చాలనుకుంది.

ఇవాళ వచ్చేసరికి తొట్టి తళతళలాడుతోంది. స్పాంజి కొత్తదానిలా ఉంది.

"జిగురు జిగురుగా అసహ్యంగా ఉందమ్మాయ్. ఎవరో వస్తారు, కాస్త కడుగమ్మా అన్నాడు అబ్బాయి," అంది అత్తగారు. "గిన్నెల సబ్బేసి, వేన్నీళ్ళలో పిండాను. ఎంత మురికి వదిలిందనుకున్నావ్!"

"ఆ జిగురే అత్తయ్యా, నేను ఇన్నాళ్ళూ పెంచింది."

"అయ్యో! నాకేం తెలుసే!"

ఆవిడ మీద ఆమెకి కోపం రాలేదు. జిగురు కనిపిస్తే చాలు, తోమి పారేయడమే ఆ చేతులకి తెలిసిన పని. పొద్దున నవ్వేసి వెళ్ళకుండా నిలబడి చెప్పి ఉంటే సరిపోయేదేమో. ఈ ఇంట్లో చెప్పడం కూడా ఒక చాకిరీయే, అదీ తన నెత్తినే. గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసింది. పొద్దున చల్లిన మేత విషాన్ని తినే బాక్టీరియా లేక, ఆకుపచ్చ తిరిగింది.

అప్పుడే భర్త వచ్చాడు. చేతిలో నీళ్ళ సంచీ, అందులో రెండు ఎర్ర చేపలు, వెనకాల గెంతుకుంటూ కూతురు.

"ఇవాళ వెయ్యొద్దండీ. స్పాంజి కడిగేశారు. నీళ్ళలో విషం ఉంది, చూడండి," అంటూ గొట్టం చూపించింది.

"మళ్ళీ మొదలెట్టావా? కాసేపట్లో మా మేనేజరూ వాళ్ళావిడా వస్తున్నారు. ఉత్త తొట్టి చూపించమంటావా?"

"చచ్చిపోతాయండీ."

"నీళ్ళు అద్దంలా ఉంటే విషమంటావేంటి? రెండు చేపలకి ఇంత రాద్ధాంతమా!"

సంచీకి కట్టిన రబ్బరు బ్యాండు లాగేశాడు. కూతురు స్టూలెక్కి, తొట్టి అంచు పట్టుకుని వంగింది. రాత్రికి వచ్చినవాళ్ళు అబ్బా అంటారు, ఫొటోలు తీస్తారు. నాలుగు రోజులు పోయాక ఇవీ వెల్లకిలా తేలతాయి. అప్పుడు ఆయన ఏమంటాడో, పిల్ల తన వైపు ఎలా చూస్తుందో ఆమెకి తెలుసు. ఇంకోసారి ఆ చూపు భరించడం తన వల్ల కాదు.

"వేయండి," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వేసేముందు పిల్లకి ఒక్క మాట చెప్పండి. ఇవి చచ్చిపోతే ఎవరి వల్ల చచ్చిపోయాయో ఇప్పుడే చెప్పి, అప్పుడు వేయండి."

ఆయన చెయ్యి సంచీతో సహా గాల్లో ఆగిపోయింది. "పిల్ల ముందు ఏం మాటలవి?"

"పోయినసారి మీరన్నదీ పిల్ల ముందే."

కూతురు సంచీలో చేపల్ని చూసింది, అమ్మని చూసింది, చివరికి తండ్రి వైపు తిరిగింది.

"పోయినసారి చేపలు అమ్మ వల్ల చచ్చిపోలేదా నాన్నా?"

ఆయన భార్య వైపు చూశాడు. తువ్వాలు కనిపించకపోయినా, మాట దొరక్కపోయినా ఆయన అలాగే చూస్తాడు, ఆమె అందిస్తుంది. ఇప్పుడూ ఆమె నాలుక చివర సిద్ధంగానే ఉంది: ఎవరి తప్పూ లేదులే తల్లీ, నీళ్ళు పడలేదు, అంతే. దాన్ని అక్కడే ఆపేసుకుంది.

కాలింగ్ బెల్ మోగింది. వెంటనే మళ్ళీ మోగింది.

"తలుపు తియ్యవేం?" అన్నాడు ఆయన.

"ముందు మీరు దానికి జవాబు చెప్పండి," అంది ఆమె.