దిగుమతి తుమ్ము

“నీ చైనా నా మంచం మీదికెల్లి ఎప్పుడు దిగుతదో జర చెప్పు!” అంది మల్లక్క మళ్లీ.

చైనా అంటే మిర్చి బస్తాలు. కోల్డ్ స్టోరేజీలో జాగా దొరకలేదని ఆమె భర్త కొమురెల్లి వాటిని పడకగదిలో పేర్చాడు. మంచం మీద కూడా. చైనావాళ్లు ఎక్కువ కొంటారని, బంగ్లాదేశ్ దిగుమతి సుంకం తగ్గిస్తుందని, దాంతో ధర పెరుగుతుందని ఫోన్లో ఎవరో చెప్పినప్పటి నుంచి, అతను తన ఊరు ధర్మసాగర్‌లో కూర్చునే ఆ రెండు దేశాలనూ నడుపుతున్నాడు. మల్లక్క వంటింట్లో పొయ్యి పక్కన పడుకుంటోంది. అది సరే, మిర్చి ఎరుపు రోజురోజుకూ దిగిపోతోంది. తెల్లబడితే ఏ దేశమూ కొనదని ఆమె బెంగ.

“ఓపిక పట్టే. సుంకం తగ్గనీ.”

“అందాంక నీ కాయ ఎర్రగుంటదా? నా నడుము పట్టేసింది. గుండన్న ఆటో తెచ్చిండు, లే!”

బస్తాలను మార్కెట్‌కు తీసుకెళ్లడానికి వచ్చిన గుండయ్య ట్రాలీ ఆటో వాకిట్లో నిజంగానే మోగుతోంది. కొమురెల్లి అయిష్టంగా తువ్వాల భుజాన వేసుకుని గడప దాటబోయాడు. అప్పుడే అతని తల్లి పోశవ్వ తుమ్మింది.

ఘాటు అలాంటిది. ఆ ఇంట్లో పిల్లి కూడా తుమ్ముతోంది. కానీ బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము అపశకునం. కొమురెల్లి ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి, హాయిగా కుర్చీలో కూర్చున్నాడు. పోయిన వారమూ ఇలాగే కూర్చున్నాడు.

“ఇంకోటి తుమ్మరాదు అత్తా, జంటైతది” అని బతిమాలింది మల్లక్క.

“వస్తలేదు బిడ్డా” అంది పోశవ్వ, ముక్కు ఎండకు పెట్టి ప్రయత్నిస్తూనే.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర గుండయ్య ఇల్లదిరేలా తుమ్మాడు.

“ఆఁ! జంటైంది, లే!”

“గది చెల్లదే” అన్నాడు కొమురెల్లి. “బయటోళ్ల తుమ్ము లెక్కకు రాదు. మనింటోళ్లదే కావాలె.”

డిగ్రీ చదివే కూతురు దీప పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. “దిగుమతి తుమ్మా బాపూ? సుంకం కడితే లోపలికి రానిస్తవా?”

“నా తుమ్ముకేం తక్కువైందన్నా!” అని గుండయ్య అలిగి, ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మల్లక్క పెరట్లోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి వచ్చింది. మధ్యాహ్నం అందరికీ పచ్చిపులుసు పోసి తనూ కూర్చుంది. కొమురెల్లి బంగ్లాదేశ్ సంగతి ఎత్తబోతుంటే, అన్నం కలుపుతూ నెమ్మదిగా చెప్పింది.

“నేను ఏటూరునాగారంల పుట్టినదాన్ని. మీ అందరి తుమ్ములు నాకు బయటియే, లెక్కకు రావు. గుండన్నను బతిమాలిన, ఒప్పుకుండు. రేపు పొద్దుగాల బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు నేనే తీస్కపోతాన. ధర ఎంతుంటే గంతకే ఇచ్చేసి, వచ్చి మంచం మీద పంటా. అత్తా, పులుసు ఇంకొంచెం పొయ్యాల్నా?”