పదకొండు అతుకులు

లిపోవ్నా అణు విద్యుత్ కేంద్రం క్యాంటీన్‌లో ద్రహోమీరాకి ఎదురుగా కూర్చుని భోంచేసేవాడు ఒక్క ఒత్మారే. మిగతావాళ్ళు, ఆవిడ పళ్ళెం పట్టుకుని వస్తోందంటే చాలు, మాటలాపేసి సూపు గిన్నెల్లోకి తలలు దించేసేవారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. ఆవిడ ప్రభుత్వం పంపిన ఇన్‌స్పెక్టర్. రియాక్టర్ గోడలకీ పైపులకీ ఎక్కడైనా పగుళ్ళు వచ్చాయేమోనని కేంద్రం వాళ్ళు చేసుకునే పరీక్షలు సరిగ్గా చేశారో లేదో చూడటం ఆవిడ పని.

ఊళ్ళో దిగిన కొత్తలో, కింది వాటాలో ఉండే యిర్జినా పళ్ళెం నిండా కొలాచ్‌లు, వేడివేడి తీపి బన్నులు, పట్టుకొచ్చింది. ఆవిడ భర్త టర్బైన్ల దగ్గర పనిచేస్తాడు.

"ఏమనుకోకండి, ఇక్కడ పనిచేసేవాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు, రూలు," అంది ద్రహోమీరా.

"విషం కలపలేదులెండి," అని యిర్జినా పళ్ళెం లాక్కుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ తలుపు ఎవరూ తట్టలేదు. ద్రహోమీరాకి యాభై ఆరేళ్ళు. పెళ్ళి ఎప్పుడో చెడిపోయింది, పిల్లలు లేరు. రొట్టెల కొట్లో అరరొట్టె కొనుక్కునేది, అదే మూడు రోజులు వచ్చేది. ఆదివారం సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది, రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడక.

ఒత్మార్ సంగతి వేరు. ముప్ఫై ఏళ్ళ కిందట బ్ర్నోలో ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో పని నేర్చుకున్నారు. ఇప్పుడతను ఈ కేంద్రంలో పైపుల అతుకుల్లోకి శబ్దతరంగాలు పంపి, తెర మీద గీతలు చదివి, లోపల పగులుందో లేదో తేల్చి చెప్పే మనిషి. అతని మాటకి కేంద్రమంతా విలువిచ్చేది. ప్రయోగశాల రోజుల్లోలాగే ఆమెని ద్రాషా అనే పిలిచేవాడు.

"ఏం ద్రాషా, ఇవాళా ఆ పిండి ముద్దలేనా? ఈ వంటవాడి మీద ఓ నివేదిక రాసి పారెయ్యకూడదూ?"

"వంట నా పరిధిలోకి రాదు. నీళ్ళు కాచే కుండకి చిల్లు పడితే చెప్పు, వస్తాను."

రోజుకి ఆ ఇరవై నిమిషాలే. తేనెటీగల గురించీ, పుట్టగొడుగుల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. పని మాట మాత్రం ఎప్పుడూ ఎత్తేవాళ్ళు కాదు.

ఏప్రిల్‌లో ఇంధనం మార్చడానికి రెండో రియాక్టర్ ఆపారు. పన్నెండు రోజుల్లో మళ్ళీ నడపాలనగా పరీక్షల కాగితాలు ఆమె బల్ల మీదికి వచ్చాయి. ఒక పైపు పదిహేడో అతుకు దగ్గర ఒత్మార్ ఇలా రాశాడు: "అతుకు అడుగు ఆకారం వల్ల వచ్చిన ప్రతిధ్వని. పగులు కాదు." కింద సంతకం.

ఎందుకో ఆమె పాత కాగితాలు తెప్పించింది. నాలుగేళ్ళకోసారి జరిగే పరీక్ష అది. అంతకు ముందు మూడుసార్లూ అవే మాటలు, అదే సంతకం. ప్రతిసారీ ఆ ప్రతిధ్వని, పైకి చెప్పాల్సిన హద్దుకి లోపలే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడమని ఏ నిబంధనా చెప్పలేదు. ఆమె పెట్టి చూసింది. పన్నెండు మిల్లీమీటర్ల పొడవు. తర్వాత పదమూడు. తర్వాత పదిహేను. ఇప్పుడు పంతొమ్మిది. అతుకు ఆకారం ఎదగదు కదా.

ఒత్మార్‌ని పిలిచి చూపించింది. అతను చాలాసేపు నిలబడే చూశాడు.

"రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చేతి వాటానికి కూడా వస్తుంది, ద్రాషా."

"ప్రతిసారీ పెరుగుదల వైపేనా?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. "సాయంత్రం దాకా ఆగు. నేనే ఇంకో కోణంలో పరీక్షిస్తాను. ఉంటే నా చేత్తోనే దిద్దుకుంటాను. నీ నివేదిక ముందే పైకి వెళ్ళిందంటే నా ముప్ఫై ఏళ్ళూ మట్టిలో కలిసిపోతాయి."

సరేననాలని ఆమెకి ఎంతో అనిపించింది. సాయంత్రం ఎంతలో వస్తుంది? కానీ నాలుగుసార్లు కాదన్న మనిషి, ఐదోసారి కూడా కాదంటే?

"నువ్వు నాలుగుసార్లు చూశావు ఒత్మార్. ఇప్పుడు వేరే కళ్ళు చూడాలి."

"అంటే నా మీద నమ్మకం లేదు."

"ఉంది. నీ బదులు ఎవరున్నా ఇదే చేస్తాను."

"అలాగే ఇన్‌స్పెక్టర్ గారూ. మీ ఇష్టం. మీరు రాసుకోండి," అని అతను తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

బయటినుంచి ముగ్గురు నిపుణులొచ్చారు. ముప్ఫై మిల్లీమీటర్ల గోడలో నాలుగు మిల్లీమీటర్ల లోతు పగులు తేలింది. ఒకటి కనబడితే ఆ రకం అతుకులన్నీ చూడాలి. చూస్తే ఇంకొకటి బయటపడింది. పైపు ముక్కలు కోసి కొత్తవి వేయడానికి ఏడు వారాలు పట్టింది.

"పన్నెండేళ్ళుగా ఏమీ కాలేదు కదా మేడం," అన్నాడు డైరెక్టర్ అందరి ముందూ.

"పన్నెండేళ్ళుగా పెరుగుతూనే ఉంది సార్," అందామె.

కేంద్రంలో పనిచేసేవాళ్ళ వేసవి సెలవులు ఎగిరిపోయాయి. రొట్టెల కొట్టు మనిషి మొహం పక్కకి తిప్పుకుని, "ఇకనుంచి సగాలు అమ్మట్లేదు," అంది. అప్పుడే ముందు నిలబడ్డ ముసలాయనకి సగం కోసిచ్చింది మరి.

ఒత్మార్ మళ్ళీ పరీక్ష రాసి నెగ్గేదాకా అతని అర్హత పత్రం పక్కన పెట్టాలన్న కాగితం మీద కూడా ద్రహోమీరాయే సంతకం చేయాల్సి వచ్చింది. అతను ఆ పరీక్ష రాయలేదు. జూన్‌లో పని మానేశాడు. వీడ్కోలు విందు క్యాంటీన్‌లోనే జరిగింది. నవ్వులూ గ్లాసుల చప్పుళ్ళూ పై అంతస్తులో ఆమె ఆఫీసు గదిలోకి వినబడ్డాయి. కిటికీ వేసేస్తే బాగుండదేమోనని వేయకుండా అలాగే కూర్చుంది.

సెప్టెంబరులో ఒకనాటి మధ్యాహ్నం ఒత్మార్ ఆమె గదికి వచ్చాడు. మనిషి బాగా చిక్కాడు. మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"మొదటి రియాక్టర్‌లో పదకొండు అతుకులండి. వీటి దగ్గర కూడా అతుకు ఆకారమే, పగులు కాదనే రాశాను. రూలు ప్రకారం చూడక్కర్లేదు, ఇవి వేరే రకం. కానీ రాసింది నేను. నిద్ర పట్టడం లేదు. ఒకసారి చూడండి."

"కూర్చో ఒత్మార్."

"బస్సుందండి."

ఆమె కాగితానికి ముద్ర వేసి రసీదు రాసిచ్చింది. అతను రసీదు జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నవంబరులో మొదటి రియాక్టర్ ఆపగానే ఆమె పట్టుబట్టి ఆ పదకొండూ వేరేవాళ్ళ చేత పరీక్ష చేయించింది. డైరెక్టర్ గొణిగాడు, గొణగనీ అనుకుంది. అన్ని కోణాల్లో చూశారు. ఒక్కదాంట్లో కూడా పగులు లేదు.

ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసి పోస్టులో వేస్తే సరిపోయేది. వేయలేదు. శనివారం పొద్దున్నే ఆ ఉత్తరం పట్టుకుని బస్సెక్కి అతని ఊరు వెళ్ళింది. అతనిప్పుడు కేంద్రం మనిషి కాదు. అతనింట్లో కూర్చోకూడదన్న నిబంధన ఎక్కడా లేదు. ఆ మాటే దారంతా మనసులో మెదిలింది.

ఒత్మార్ తోటలో తేనెపెట్టెల చుట్టూ చలికి గడ్డి కడుతున్నాడు. గేటు దగ్గరికి వచ్చి, ఉత్తరం అందుకుని నిలబడే చదివాడు.

"పదకొండూనా?"

"పదకొండూ. అవన్నీ అతుకు ఆకారమే. నువ్వు రాసింది సరిగ్గానే ఉంది."

అతను గేటు కమ్మీ పట్టుకుని అటు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి అతను ముక్కు తుడుచుకుని, ఉత్తరం మడిచి కోటు లోపల పెట్టుకున్నాడు.

"ఇంత దూరం రావడం దేనికండి? పోస్టులో వేస్తే అందేది కదా."

"ఇటువైపు పనుండి వచ్చాను," అని అబద్ధమాడింది.

"మంచిదండి. దారంతా మంచు, జారుతుంది. చూసుకుని వెళ్ళండి." అతను మళ్ళీ పెట్టెల దగ్గరికి వెళ్ళాడు. గడ్డి కట్ట ఎత్తుకున్నాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

తిరుగు బస్సుకి గంటన్నర ఉంది. ఆమె బస్టాపు రేకు కింద చలికి కాళ్ళు నేలకేసి తడుతూ నిలబడింది. బస్సులో తనొక్కతే.

"లిపోవ్నాకా?" అన్నాడు డ్రైవరు టికెట్ చింపుతూ. "కేంద్రంలోనా పని?"

"అవును."

"మా తమ్ముడూ అక్కడేనండి. ఎవరో ఇన్‌స్పెక్టరమ్మ పుణ్యమా అని వాడు వేసవంతా ఇంటి మొహం చూడలేదు. ఆవిడ మీకు తెలుసా?"

"తెలుసు," అంది ద్రహోమీరా. వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.