ఆగమని చెప్పే సూది

షాలేమ్‌రాజు ఆ మాట అడిగినప్పుడు జోజమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పన్నెండేళ్లు నిండిన పిల్లవాడు గుమ్మంలో నిలబడి, పెన్సిలు కొనిపెట్టమన్నంత మామూలుగా అడిగాడు.

“అమ్మా, రూప్లికి ఏసే సూది నాగ్గూడ ఏస్తవా?”

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎందుకురా అని అడగలేదు. తెలిసిన సంగతి అడగడమెందుకు? వాడి నోటితో ఇంకోసారి వినడానికా?

రూప్లి ఏడేళ్ల పిల్ల, చర్లలో బడిపంతులుగా పనిచేసే రామ్‌సింగ్ సారు కూతురు. ఆరున్నరేళ్లకే ఆ పిల్ల ఒంట్లో పెద్దపిల్ల లక్షణాలు మొదలయ్యాయి. హైదరాబాదులో పెద్ద డాక్టరమ్మ చూసి ఇరవై ఎనిమిది రోజులకొక సూది రాసింది. పదకొండో ఏడు వచ్చేదాకా వెయ్యాలట. రామ్‌సింగ్ ఆ మందును ఐసుడబ్బాలో పెట్టుకుని బస్సు మీద తెస్తాడు, జోజమ్మ వేస్తుంది. ఆమె ఏఎన్ఎం, ఊళ్లు తిరిగే సర్కారు నర్సు. పదిహేడేళ్లుగా ఆ అడవి ఊళ్లలో ఆమె సూది తగలని ఒళ్లు లేదు. సిస్టరమ్మ చెయ్యి తేలిక అని పేరు.

రూప్లి నాయనమ్మ మాత్రం మొదటి సూదినాడే శాపనార్థాలు పెట్టింది, దేవుడు తెరిచిన తలుపు మూయడానికి మీరెవరని. తల్లి మంగ్లిది ఇంకో దిగులు, పిల్ల రేపు గొడ్రాలైపోతుందేమోనని. పోయిన ఆదివారం జోజమ్మ ఆ ఇంట్లో చాప మీద కూర్చుని ఓపిగ్గా నచ్చజెప్పింది. ఈ మందు ఒంటిని మార్చేది కాదు, కాస్త ఆగమని మాత్రం చెబుతుంది, మానేస్తే పిల్ల ఎప్పటిలాగే ఎదుగుతుంది అంది. బస్సు దగ్గరనుంచి ఐసుడబ్బా మోసుకొచ్చిన షాలేమ్ పక్కనే కూర్చుని ప్రతి ముక్కా విన్నాడు.

“ఆగమని చెప్తది అన్నవ్ గద,” అన్నాడిప్పుడు. “నాక్కూడ ఆగితే చాలు. ఇంకేం అడుగుతలేను.”

వాడు నాలుగేళ్లప్పుడే నేను ఆడపిల్లను అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆరేళ్లప్పుడు మళ్లీ అన్నాడు. జోజమ్మ చెంప పగలగొట్టింది. ఆ తరువాత వాడు ఆ మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కానీ ఒకే ఇంట్లో ఉంటూ తల్లికి తెలియకుండా పోతుందా! చర్చిలో పాటలు నేర్పే స్తుతి టీచరు వాడి సన్నగొంతు చూసి ఆడపిల్లల వరసలో నిలబెట్టింది. ఆ వరసలో ఉన్న గంటసేపే వాడి ముఖం ముఖంలా ఉండేది. ఈమధ్య అద్దం ముందు నిలబడి పైపెదవిని వేలితో తడుముకుంటున్నాడు. తోటిపిల్లల్లో ఒకడికి గొంతు మారితే, వాడితో మాట్లాడడమే మానేశాడు.

చూద్దాంలే బిడ్డా అంది జోజమ్మ. వాడు అవ్ అని తలూపి వెళ్లిపోయాడు. ఆ తలూపడం చూసి ఆమె ఏరుతున్న చేట పక్కకు నెట్టేసింది.

దానికో కారణం ఉంది. జోజమ్మకు ఆదాము అనే అన్న ఉండేవాడు. ఉన్నాడో లేడో ఇప్పటికీ తెలియదు కనక ఉండేవాడు అనే అనాలి. వాళ్లది నేలకొండపల్లి, నాన్న చర్చిలో ఉపదేశి. ఆదాము పాడుకుంటూ చెల్లెలికి జడలు వేసేవాడు. ఊళ్లో ఏ ఆడపిల్లకూ అంత నున్నటి జడ ఉండేది కాదు. చాటుగా ముఖానికి పౌడరు రాసుకునేవాడు. పదమూడో ఏట నాన్న కంటపడ్డాడు. ఇక చూడండి, ఉపవాస ప్రార్థనలు, గుండు కొట్టించడాలు, ప్రార్థన చేసిన నూనె తాగించడాలు! ఆదాము దేనికీ ఎదురు చెప్పలేదు. మోకరించమంటే మోకరించాడు, తాగమంటే తాగాడు. బాగయిందా నాయనా అని నాన్న అడిగితే, అవ్, బాగయింది అని తలూపాడు. నాన్న సంఘమంతటి ముందూ లేచి, దేవుడు కొడుకును బాగుచేశాడని సాక్ష్యం చెప్పి ఏడ్చాడు. పదిహేనో ఏట ఒక పొద్దున ఆదాము పాలకని చెంబు తీసుకుని వెళ్లాడు. అంతే. మనిషి రాలేదు, కబురూ రాలేదు, చెంబు కూడా దొరకలేదు.

చచ్చినవాడికైతే ఒక సమాధి ఉంటుంది, అక్కడే ఉంటాడు. దొరకనివాడికి ఏ చోటూ లేదు కనక అన్ని చోట్లకూ వస్తాడు. షాలేమ్‌కు పన్నెండేళ్లు నిండిన నెలలోనే ఇంట్లో పౌడరు వాసన రావడం మొదలైంది. ఆ ఇంట్లో పౌడరు వాడేవాళ్లు లేరు. జోజమ్మ భర్త జయరాజ్ ఆర్టీసీ కండక్టరు, వారంలో సగం రోజులు బస్సులోనే. ఉన్నప్పుడు అడిగితే, నాకేం వాసన రావట్లేదే అన్నాడు. మధ్యాహ్నాలు సబ్‌సెంటర్లో రిజిస్టరు రాస్తుంటే బల్లకు అవతల ఎవరో కూర్చున్నట్టుండేది. తలెత్తితే ఉత్త బెంచీ. ఒకనాడు బస్సులో కిటికీ పక్క సీట్లో గుండు కనిపించింది, మెడ వెనక ఆదాముకున్న పుట్టుమచ్చే. పిలుద్దామని నోరు తెరిచేలోపు పోలీసు క్యాంపు వచ్చింది, అందరినీ దింపి సంచులు వెతికారు. మళ్లీ ఎక్కేసరికి ఆ సీట్లో మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని జంపక్క అనే ముసలామె కూర్చుని ఉంది. ఏంది సిస్టరమ్మా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్ అని నవ్వింది కూడా.

రూప్లిని పరీక్షకు తీసుకెళ్లినప్పుడు తోడుగా జోజమ్మ హైదరాబాదు వెళ్లింది. అందరూ బయటికి వచ్చాక తను ఒక్కతే మళ్లీ గదిలోకి వెళ్లి, మా ఊళ్లో ఒక పేషెంటు కొడుకున్నాడు మేడం అని మొదలుపెట్టింది. రూప్లికి సూది రాసిన ఆ డాక్టరు శ్యామల చివరిదాకా అడ్డు తగలకుండా విన్నది. రూప్లి సంగతి వేరు అంది, ఆ పిల్ల ఒళ్లు వేళకు ముందే లేచింది, దాన్ని పడుకోబెడుతున్నాం. ఈ పిల్లవాడి ఒళ్లు వేళకే లేస్తోంది. పైదేశాల్లో కొందరు డాక్టర్లు ఇలాంటి పిల్లలకు ఈ మందు వేస్తున్నారు, అది తప్పని వాదించేవాళ్లూ ఉన్నారు. ఎముకలు గట్టిపడే వయసులో ఆపితే ఏమవుతుందో, రేపు పిల్లవాడి మనసు మారితే ఏమిటో, తనకు పూర్తిగా తెలియదంది. వెయ్యకపోతే ఏమీ కాదని కూడా చెప్పలేనంది. లోపల్లోపల నలిగి చేజారిపోయిన పిల్లలను తను చూసింది.

“తీసుకురండి. పిల్లవాడితో నేనూ మాట్లాడాలి, మనసు డాక్టరూ మాట్లాడాలి. వాణ్ణి అడక్కుండా నేను వేస్తాననీ చెప్పను, వెయ్యననీ చెప్పను.”

సరే మేడం అని వచ్చేసింది. కానీ తీసుకెళ్లడమంటే మాటలా! ఆసుపత్రి చీటీ మీద తన కొడుకని వాడి పేరు రాయించాలి. జయరాజ్‌కు చెప్పాలి. ఇవాళ కాకపోతే రేపు సంఘపెద్దల చెవిన పడుతుంది, మళ్లీ అదే నూనె, అవే ప్రార్థనలు. పోనీ లేదని చెప్పేస్తే? వాడు అవ్ అని తలూపుతాడు. తలూపి చెంబు పట్టుకుని వెళితే? బస్సు ఖమ్మం దాటేసరికి ఆమెకు ఒకటే దారి కనిపించింది, అది ఆమె వృత్తి నేర్పిన దారి.

ఆ ఊళ్లలో సూది పడకపోతే వైద్యం జరిగినట్టు కాదు. మాత్రలిచ్చి పంపితే అలుగుతారు, ఇంత దూరం నడిచొస్తే బిళ్ల చేతిలో పెడతావా అంటారు. అందుకని అవసరం లేనివాళ్లకు ఉత్త డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి పంపడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. ముసలి బొజ్జయ్య అయితే ఆ నీళ్లతోనే పదేళ్లుగా మోకాళ్ల నొప్పులు తగ్గించుకుంటున్నాడు. ఇంతవరకు దాన్ని ఎవరూ మోసమనలేదు, ఆమెకూ అనిపించలేదు.

డాక్టరమ్మ ఒప్పుకుందని చెప్పింది కొడుకుతో. డాడీకి చెప్పొద్దంది. మంచం మీద బోర్లా పడుకోబెట్టి మొదటి సూది వేసింది.

ఆ నెల వాడి ఆనందం చూడాలి! క్యాలెండరులో ఇరవై ఎనిమిదేసి రోజులకు సున్నాలు చుట్టాడు. ఇంట్లో తిరుగుతూ పాడాడు. తనకు జడ వేస్తూ ఆదాము పాడిన పాట గుర్తొచ్చి జోజమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిగ్గుతోనే ఏడ్చింది. అయినా ఆ వేళ ఎన్నో నెలల తరువాత ఒళ్లెరగకుండా నిద్రపోయింది. పౌడరు వాసన రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చింది, ఈసారి కళ్లు మండేంత ఘాటుగా.

ఆ తరువాత ప్రతి సూదికీ అంతే. రెండు రోజులు శాంతి, తరువాత ఆదాము. నాలుగోసారి సిరంజిలో నీళ్లు నింపుకుని మంచం వైపు తిరిగేసరికి, బోర్లా పడుకున్న ఒంటి మీద గుండు కనిపించింది. కళ్లు మూసి తెరిచింది. షాలేమ్ జుట్టే. గుచ్చిన సూది వంకర పోయింది.

ఏడో నెలలో, ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం వచ్చింది. చర్చిలో అందరూ ఈతమట్టలు పట్టుకుని నిలబడ్డారు, షాలేమ్ ఒక్కడే ఒక చరణం పాడాలి. ఎత్తుకున్నాడు. రెండో పాదంలో గొంతు విరిగి, లోపలినుంచి ఎవరో మగవాడు దగ్గినట్టు వచ్చింది. ముందు వరస పిల్లలు నవ్వారు. వాడు ఆపలేదు, ఆ విరిగిన గొంతుతోనే చరణం చివరిదాకా పాడి కూర్చున్నాడు. స్తుతి టీచరు మంచిదే, వాడి వీపు నిమిరి, వచ్చేవారం నుంచి వెనక మగపిల్లల్లో నిలబడు నాన్నా అంది. వాడు అవ్ టీచర్ అని తలూపాడు.

మర్నాడు సూది రోజు. జయరాజ్ డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక జోజమ్మ సిరంజి సిద్ధం చేసింది. షాలేమ్ మంచం మీద కూర్చున్నాడు గానీ పడుకోలేదు.

“వద్దమ్మా. ఇగ చాలు.”

ఇంకో రెండు నెలలైతే పనిచేస్తది బిడ్డా అంది ఆమె. నోరు దానంతటదే అనేసింది.

“అవి నీళ్ళేనమ్మా,” అన్నాడు వాడు, ఆమెను ఓదారుస్తున్నట్టు. “రూప్లి సూది పాలలెక్క తెల్లగుంటది. నాది ఉత్త నీళ్ళు. మస్తు మంట పుడ్తది గూడ. రెండోసారే నాకెరుకైంది.”

సిరంజి ఆమె చేతిలోనే ఉంది. మరి ఇన్ని నెలలు ఎందుకు వేయించుకున్నవని అడిగింది.

“సూది ఏసిన్నాడు నువ్ మంచిగ పండుకుంటున్నవని. లేకుంటే రాత్రంత ఇల్లు తిరుగుకుంట ఆదాము మామతోని మాట్లాడుతనే ఉంటవ్ గద.”

ఆదాము ఎందుకు తలూపేవాడో జోజమ్మకు ఇన్నేళ్లకు తెలిసింది. నూనె పనిచేస్తోందని కాదు, నాన్న మీద భయంతోనూ కాదు. నాన్న నిద్రపోవాలని. పదమూడేళ్ల పిల్లవాడు రెండేళ్లపాటు ఇంటిల్లిపాదికీ నిద్ర ఇచ్చి, ఇక ఇవ్వడానికి ఏమీ మిగలక వెళ్లిపోయాడు. ఇప్పుడు ఈ బిడ్డ ఏడు నెలలుగా అదే ఇస్తున్నాడు. ఇంకా ఎన్నాళ్లు ఇవ్వగలడు? ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

సిరంజి పక్కన పడేసింది. మంచం మీద కూర్చుని వాడి రెండు చేతులూ పట్టుకుని, నిన్ను మోసం చేసిన బిడ్డా అని చెప్పింది. డాక్టరమ్మ అన్న ప్రతి మాటా చెప్పింది. తెలుసన్నదీ చెప్పింది, తెలియదన్నదీ చెప్పింది, ఎముకల సంగతీ మనసు మారే సంగతీ దాచలేదు. ఆ మందు నీకు మంచిదో చెడ్డదో నాకు తెలియదు, ఆమె వేస్తుందో లేదో అదీ తెలియదు, కానీ ఆమె నిన్ను అడుగుతానంది, నేనే అడగనివ్వలేదు అంది. వాడు కళ్లార్పకుండా విన్నాడు.

“నన్నడుగుతనన్నదా?”

“అవ్. రేపు పొద్దుగాల బస్సుకే పోదాం. డాడీకి నేను చెప్త, ఎవరేమన్న అననీ. డాక్టరమ్మకు మాత్రం నీ సంగతి నువ్వే చెప్పాలె.”

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగాడు.

“నిజంగనేనా అమ్మా? లేకుంటే ఇది గూడ నీళ్ళేనా?”

జోజమ్మ నిజమేనంది. ఆ మాట వాడు నమ్మడానికి తన దగ్గర ఒక్క కారణం కూడా లేదని ఆమెకు తెలుసు. లేచి, వాడు చూస్తుండగానే సంచీ దింపి, బట్టలు పెట్టడం మొదలుపెట్టింది.