తలా మూడు పేజీలు

మా చెల్లెలు పోయిన రోజు ఆమెకు రెండో గంట క్లాసు ఉంది. ఆమె వస్తుందనుకుని విద్యార్థులు గంట మోగేదాకా గదిలోనే కూర్చున్నారట.

ఆమె టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పని చేసేది. వారానికి రెండు గంటలు విద్యార్థుల చేత పరిశోధన వ్యాసాలు చదివించేది. నేను బడిలో టీచరును. టర్ము ముగిసేదాకా ఆ క్లాసు నన్ను చూసుకోమని ప్రిన్సిపాల్ గారు అడిగారు.

"మీ చెల్లెలు పోట్లాడి పెట్టించుకుందమ్మా ఈ క్లాసు. ఆ టైములో నోట్సు చెబితే పిల్లలకి నాలుగు మార్కులొస్తాయి. టర్ము చివరికి ఒక్క వ్యాసమైనా పూర్తిగా చదివారని చూపించండి, వచ్చే ఏడాదీ ఉంచుతాను. లేదంటే తీసేస్తాను."

సరేనన్నాను. నేనూ చెల్లెలూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు బడి కాక ఇంకా ఇంటి బయట పని కావాలి.

వ్యాసం ఆమే ఎంచి, జిరాక్సు తీయించి పెట్టింది. పదిహేను పేజీలు, బడిపిల్లలకు ఇచ్చే ఇంటిపని గురించి. కాపీలు పంచి, చదివి అందరూ కలిసి ఒక సారాంశం రాసి తెమ్మన్నాను. తరువాతి క్లాసులో అర్థమవుతోందా అని అడిగాను. "అవుతోంది మేడమ్" అన్నారు ఒకే గొంతుతో. బడిలో ఆ గొంతు రోజూ వింటాను. అయినా ఊరుకున్నాను.

సారాంశం ముత్యాల్లాంటి దస్తూరీతో వచ్చింది. మొదటి పేరాలో వ్యాస రచయిత్రి ఇంటిపని తప్పనిసరి అంటుంది. చివరి పేరాలో వెంటనే ఆపేయాలంటుంది. మధ్యలో ఆమె మనసు మార్చుకున్న జాడ లేదు.

"ఇంతకీ ఈవిడ ఇంటిపని ఇవ్వమంటోందా, వద్దంటోందా?" అన్నాను.

"ఇవ్వమంటోంది" అంది కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి.

"వద్దంటోంది తల్లీ" అన్నాడు అందరూ లాయర్ అని పిలిచే కుర్రాడు.

"నా పేజీల్లో ఇవ్వమనే ఉంది. కళ్ళు పెట్టుకుని చూడు."

"నీ పేజీలేంటమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయే ఒప్పుకుంది: "పంచుకున్నాం మేడమ్. ఐదుగురం కదా, తలా మూడు పేజీలు."

"లెక్క బాగానే కుదిరింది."

"నాకేం కుదిరిందండీ" అన్నాడు వెనక బెంచీలోంచి ఇద్దరు పిల్లల తండ్రి. క్లాసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. "పట్టికలన్నీ నా నెత్తిన రుద్దారు."

"ముద్దుగా ఇచ్చాం బాబాయ్" అన్నాడు లాయర్.

మళ్ళీ మొదటి నుంచి అందరం కలిసి చదువుదామన్నాను. మూలిగారు. కిటికీ పక్క అమ్మాయి మాత్రం, "మీ చెల్లెలుగారైతే అర్థమైందా అని అడిగేవారు కాదండీ. ఎక్కడ ఆగావు అనేవారు. ఆగానంటే తిట్టేవారు కాదు" అంది.

"ఆగలేదంటే?"

"అప్పుడు తిట్టేవారు."

ఈ సంగతి మా చెల్లెలు ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ అమ్మాయి పైకి చదివింది. నాలుగో పేజీ మొదటి వాక్యం దగ్గర ఆగింది. ఇంతవరకు చెప్పినవి ఇంటిపనిని సమర్థించేవారి వాదనలని, వాటిలో ఒక్కటీ నిలవదని అక్కడ ఉంది.

"అంటే నా మూడు పేజీలూ ఈవిడ మాటలు కావా?"

"నాలుగో పేజీ నీదేగా బాబాయ్, చెప్పలేదేం?" అన్నాడు లాయర్.

"ఇంతవరకు చెప్పినవి అంటే ఏం చెప్పిందో నాకేం తెలుసురా? నాకు నాలుగు నుంచేగా ఇచ్చారు." తరువాత ఆయనే నెమ్మదిగా అన్నాడు: "మీ పిన్నిదీ ఇదే పద్ధతి. నన్నంతా మాట్లాడనిచ్చి అప్పుడు మొదలుపెడుతుంది."

అందరూ నవ్వారు, ఆ నవ్వుతోనే ఆ రోజు క్లాసు ముగిసింది. తరువాత ఒక్కో పేరాకు ఒక్కో గంట పట్టిన రోజులున్నాయి. ఆరో పేజీ నిండా పట్టికలే. ఏ వయసు పిల్లల లెక్క ఏ వరుసలో ఉందో తేల్చకుండా బాబాయ్ ముందుకు కదలనివ్వలేదు.

టర్ము చివరి రోజు ప్రిన్సిపాల్ గారు గుమ్మం దగ్గరికి వచ్చారు. నేను బయటికి వెళ్ళాను.

"వ్యాసం పూర్తయిందా అమ్మా?"

"లేదండీ. ఆరో పేజీలో ఉన్నాం."

"అప్పుడెప్పుడో సారాంశం రాశారటగా. అది ఇచ్చేయండి, ఫైల్లో పెట్టేస్తాను. నేనింకేమీ అడగను."

అది ఇస్తే క్లాసు నిలుస్తుంది. అది నా సంచీలోనే ఉంది.

"అది చదివి రాసింది కాదండీ" అన్నాను.

ఆయన కాసేపు లోపలికి చూశారు. కిటికీ పక్క అమ్మాయి బాబాయ్ పట్టిక మీద వేలు పెట్టి ఏదో వాదిస్తోంది. ఎవరూ తలెత్తలేదు.

"అయితే ఆ గంట తీసేయాల్సి వస్తుంది. ముందే చెప్పాను" అన్నారు.

"చెప్పారండీ."

ఆయన వెళ్ళిపోయారు. గంట మోగింది. లోపల ఎవరూ లేవలేదు. ఇంకా తొమ్మిది పేజీలు చదవాలి.