ఎర్ర కడియం మగాడు

నా బావమరిదిని అందరూ డాక్టరంటారు. పిట్టల షాపులో పంజరాలు కడిగేవాడికి ఆ పేరు ఎవడు పెట్టాడో గానీ, వాడి నాలుక పడిపోను. నా కొంప ముంచింది ఆ పేరే.

నేను ఏడో తరగతిలో బడి మానేసి మోటార్లకు తీగ చుట్టే పనిలో పడ్డాను. ముప్పై ఏళ్ళు చుట్టాను. ముందుగదిలో సొంత వైండింగ్ మిషను ఉండేది. దాని పిడి నా అరచేతికి సరిపడా అరిగిపోయింది. ఇల్లు నడిచింది దాని మీదే. డాక్టరు కన్ను పడిందీ దాని మీదే.

"ఎన్నాళ్ళు తిప్పుతావు బావా ఆ పిడి? నా దగ్గర బూడిదరంగు చిలకల జత ఉంది. ఏడాదికి ఆరు పిల్లలు. అవి గుడ్ల మీద కూర్చుంటాయి, నువ్వు కాలు మీద కాలేసుకు కూర్చో."

ఆ జాతిలో ఆడా మగా చూపుకు ఒక్కలాగే ఉంటాయి. ఈక పీకి పరీక్షకు పంపితేనే తేలుతుంది.

"పంపుదామండీ, ఎనిమిది వందలేగా," అంది నా భార్య.

"ఇంట్లో డాక్టరుండగా పరీక్షేంటే? సొంత తమ్ముణ్ణే నమ్మవా?" అని నోరు మూయించింది నేనే.

డాక్టరు ఒక్కోదాన్నీ వెల్లకిలా పట్టుకుని పొట్ట కింద ఎముకల మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు పట్టినదాని కాలికి పచ్చ కడియం వేసి ఆడది అన్నాడు. పట్టనిదానికి ఎర్ర కడియం వేసి, "వీడు మగాడు బావా, సందేహమే లేదు," అన్నాడు. నేను మిషను అమ్మి, డబ్బు వాడి చేతిలో పెట్టాను. మిషనును ఎదురు వీధి వైండింగ్ షాపువాడు పట్టుకుపోయాడు.

చిలకలు గూడుపెట్టెలో ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చునేవి. ఎర్ర కడియంవాడు బయటికే వచ్చేవాడు కాదు. "పెళ్ళాన్ని వదిలి క్షణం ఉండడు. చూసి నేర్చుకోండి," అని నా భార్య దెప్పేది.

మూడు నాలుగు గుడ్లు పెట్టే జాతి. మావి ఏడు పెట్టాయి! పెట్టినవి పెట్టినట్టు తీసేస్తే ఇంకా పెడతాయన్నాడు డాక్టరు. తీసి, నేను చేసిన పొదిగే పెట్టెలో పెట్టాను. థర్మాకోల్ డబ్బా, బల్బు, చిన్న ఫ్యాను, తేమ కోసం నీళ్ళ గిన్నె. వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల నుంచి పాయింటు కదిలితే ఒట్టు. గుడ్డుకు ఒక పక్క సున్నా, ఇంకో పక్క గీత పెట్టుకుని రోజుకు ఐదుసార్లు తిప్పాను. కన్న పిల్లల్ని కూడా అంత సాకలేదు.

ఏడో గుడ్డు వచ్చిన పదో రోజున, మిట్టమధ్యాహ్నం స్నానాలగది తలుపు మూసి, చీకట్లో గుడ్ల కింద టార్చి పట్టాను. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడాలి. ఏమీ లేవు. సొన నీడ ఒకటి అటూ ఇటూ తేలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఏడోదానికి వచ్చేసరికి టార్చి జారి బకెట్లో పడింది.

తీగల పనిలోనే నాకు తప్పు జరిగిందా? నా పెట్టెనే అనుమానించి డాక్టరుకు కబురు పెట్టాను.

వాడొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళక్క ఇచ్చిన టీ ఊదుకుంటూ, "పెట్టె తప్పేం లేదు బావా. మగాడు కుర్రాడు, కాస్త సిగ్గరి. రెండో విడతకు ధైర్యం వస్తుంది," అన్నాడు.

గూడుపెట్టె కడగడానికి ఆ రోజే విప్పి ఎండలో పెట్టాను. ఆ ధైర్యం రావాల్సినవాడు పంజరం మూలకు దిగి, రెక్కలు వాల్చి, తోక ఎత్తి ఎత్తి దించుతున్నాడు. జబ్బు చేసిందేమోనని వంగాను. టప్పున చప్పుడైంది. ఇనుప రేకు మీద తెల్లగా, తడిగా గుడ్డు దొర్లింది.

ఎర్ర కడియం కాలు ఆ గుడ్డు మీద పడింది.

"ఒరేయ్," అన్నాను. "నీ మగాడు గుడ్డు పెట్టాడ్రా."

"ఒక్కోసారి... అలా జరుగుతుంది బావా."

"ఎక్కడ జరుగుతుందిరా?" అంది నా భార్య. "మీ బావ ఎప్పుడైనా పెట్టారా?"

డాక్టరు తడబడ్డాడు. "అది కాదక్కా! దానికి అలవాటే. నా దగ్గరున్నప్పుడు కూడా ఎనిమిదోది బయటే..."

అక్కడ ఆగిపోయాడు.

పడ్డ పిడుగు పడ్డచోటే మళ్ళీ పడింది. అంటే వీడి దగ్గరా పెట్టాయి. రెండూ ఆడవని తెలిసే, నా కళ్ళ ముందు వేలు పెట్టి చూసి, కడియాలు వేశాడు. నా భార్య వాడి చేతిలోంచి సగం తాగిన టీ గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది. తమ్ముణ్ణి తిట్టలేదు, తలుపు తీసి పట్టుకుంది. వాడు చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళాడు. డబ్బడిగితే అప్పులకు పోయిందన్నాడు. ఇది గొడ్డు జతన్న మాట షాపులన్నిటికీ పాకింది, ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు.

ఇప్పుడు ఎదురు వీధి షాపులో కూలికి తీగ చుడుతున్నాను. నా మిషను మీదే. పిడి ఇంకా నా అరచేతికే సరిపోతుంది. షాపువాడికి బొబ్బలెక్కుతాయట, అందుకే నన్ను పెట్టుకున్నాడు.

మిషను తాలూకు యాభై ఎనిమిది వేలు, దాచుకున్నవి పన్నెండు వేలు, పంజరానికీ గింజలకీ నాలుగు వేల మూడు వందల యాభై. మొత్తం పోయింది డెబ్బై నాలుగు వేల మూడు వందల యాభై.