ఇది దుకాణమని రాయండి

వాచ్‌మన్ స్వరాజ్యమ్మను మెట్ల మీంచి తోసేశాడు. నేను కళ్ళారా చూశాను. ఆమె చేతిలోని సీసా పగిలి మురికి నీళ్ళు మెట్ల నిండా పారాయి. పైనుంచి దిగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కొత్త చీరల సంచులు ఎత్తి పట్టుకుని, ముక్కులు మూసుకుని తప్పుకున్నారు.

"ఎమ్మెల్యే సార్‌ను కలవాలె," అంది స్వరాజ్యమ్మ లేస్తూ. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. "మా బస్తీల నల్లా నీళ్ళు గిట్లొస్తున్నయని చూపెట్టాలె."

"ఎమ్మెల్యే లేడు, గిమ్మెల్యే లేడు. పో!"

గోడ మీద 'ఎమ్మెల్యే రఘురామ్ ప్రజా కార్యాలయం' అని బోర్డు ఉంది. తలుపు లోపల అద్దాల బీరువాల్లో పట్టుచీరలు మెరుస్తున్నాయి.

నా పేరు రవళి. కోచింగ్ కోసం కాకినాడ నుంచి అమీర్‌పేట వచ్చినదాన్ని. స్వరాజ్యమ్మ మా హాస్టల్లో వంట చేసేది. ఎర్రమంజిల్ వెనక ఆమె ఉండే బస్తీలో మంచినీళ్ళ పైపులోకి డ్రైనేజీ కలుస్తోంది. ఏ ఇంట చూసినా ఒకరు మంచం పట్టి ఉన్నారు. ఆమె కూతురు నవీన పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రి నేలలు తుడిచేది. పచ్చకామెర్లు వస్తే ఆ ఆసుపత్రి ఆమెను చేర్చుకోలేదు. సర్కారు దవాఖానా వరండాలో పడుకుని ఉంది.

ఆ వారమే హాస్టల్ మెస్సులో టీవీ నడుస్తుండగా రఘురామ్ ఇంటర్వ్యూ వచ్చింది.

"నియోజకవర్గ ఆఫీసు కోసం నాకిచ్చే అలవెన్సులో ఒక్క రూపాయి ఇంటికి తీసుకుపోను," అంటున్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. "పంజాగుట్ట ఆఫీసు అద్దెకి, స్టాఫ్ జీతాలకే ఖర్చు పెడుతున్నా. మా వాళ్ళు పొద్దంతా అక్కడే కూర్చుని ప్రజల అర్జీలు తీసుకుంటారు."

సాంబారు వడ్డిస్తున్న స్వరాజ్యమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏ ఆఫీసు బిడ్డా? గా చీరల దుకాణమేనా?"

నా పక్కన కూర్చున్న మంజూష మెల్లగా అంది: "అంటే ఏంటి, ఆ షాపు ఎమ్మెల్యే కోడలిదే కదా, దానికి అద్దె కట్టేది జనమా?"

అందరూ కలిసి ఆ ఆఫీసుకి వెళ్ళాలని ఆదివారం బస్తీలో మీటింగ్ పెట్టారు. మేమూ వెళ్ళాం. ఆటో నడిపే రాజనర్సయ్య మొదటే అడ్డం తిరిగాడు.

"ఇండ్ల పట్టాలు గాయన చేతులనే ఉన్నయి. లొల్లి పెట్టుకుంటే రేపు బుల్డోజర్ వస్తది. అప్పుడు గీ హాస్టల్ పిల్లలు మనల పెట్టుకుంటరా?"

తల దించుకున్నాను.

అంతలో సందు మొగలో నీళ్ళ ట్యాంకర్ ఆగింది. రఘురామ్ మనిషి విజయేందర్ దిగాడు. "అన్న పంపిండు. రోజూ పంపుతడు. మంచిగ పట్టుకోండ్రి. కానీ ఆఫీసు దిక్కు మాత్రం రావద్దు."

బస్తీ రెండుగా చీలిపోయింది. వెనక్కి పంపాలని కొందరు, పిల్లలకి తాగడానికి చుక్క లేదని కొందరు. అరుపులు, తోపులాట. స్వరాజ్యమ్మ బిందె తీసుకుని నేరుగా ట్యాంకర్ దగ్గరికి నడిచింది.

"నీళ్ళు పట్టండ్రి. గిది గాయన ఇంట్ల బాయి కాదు, మన పైసల నీళ్ళు." బిందె నిండాక విజయేందర్ వైపు తిరిగింది. "రేపు ఆఫీసుకొస్తున్నమని మీ అన్నకు చెప్పు."

ఆ సాయంత్రానికల్లా కబురు మా హాస్టల్ ఓనర్ వీరవెంకటసత్యనారాయణగారికి చేరింది. "ఏంటి స్వరాజ్యం, నా వంటింట్లో రాజకీయాలా? ఇక రావద్దు," అన్నాడు. నన్ను చూసి, "మీ నాన్నగారికి ఫోన్ చేస్తానమ్మా," అన్నాడు. చేశాడు కూడా. నాన్న అరిచాడు, అమ్మ ఏడ్చింది. స్వరాజ్యమ్మను తీసేసినందుకు మెస్సులో ఆ పూట ఏ అమ్మాయీ కంచం ముందు కూర్చోలేదు.

సోమవారం షాపు తలుపులు తీయగానే బస్తీ అంతా లోపలికి నడిచింది, వెంట నేనూ మంజూషా. వాచ్‌మన్ ఒక్కరిని తొయ్యగలడు, వందమందిని ఏం తోస్తాడు? చీరలు పరిచి చూపించే తెల్లటి పరుపుల మీద ఆడవాళ్ళు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

"చీరలు ముట్టకుండ్రి," అంది స్వరాజ్యమ్మ. "ఒక్క పోగు తెగినా మనల దొంగలంటరు."

రఘురామ్ కోడలు అరుణాదేవి పరుగున వచ్చింది. "ఎవరు మిమ్మల్ని రానిచ్చింది? ఇది నా షాపు!"

మంజూష ఫోనులో ఆ మాట రికార్డయింది.

ఎస్సైని వెంటబెట్టుకుని రఘురామ్ వచ్చాడు. "వీళ్ళని బయటికి పంపండి."

"షాపులో జొరబడ్డారని కంప్లయింట్ ఇవ్వండి సార్, చాలు," అన్నాడు ఎస్సై.

స్వరాజ్యమ్మ కూర్చున్న చోటినుంచే అడిగింది. "దుకాణమా, ఆఫీసా సార్? ఆఫీసైతే మేం రావచ్చు. దుకాణమైతే ఆఫీసు పేరు మీద సర్కారు పైసలెందుకు తీసుకుంటున్నవ్?"

రఘురామ్ నోరు తెరిచాడు. ఎత్తి పట్టుకున్న ఫోన్లన్నీ చూశాడు. ఆ ప్రశ్నకి ఎటు జవాబు చెప్పినా చిక్కే.

"ఈడ్చుకెళ్ళండి!"

పోలీసులు జుట్లు పట్టి వ్యాన్ దాకా ఈడ్చారు. నా చున్నీ మెడకి బిగుసుకుంది. వ్యాన్ కదలబోతుంటే ఒక ఆటో అడ్డం వచ్చి నిలిచింది. రాజనర్సయ్య! వెనకే అడ్డా మీది ఆటోలన్నీ వచ్చాయి. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ స్తంభించింది. లాఠీలు లేచాయి. రాజనర్సయ్య నెత్తి పగిలి చొక్కా అంతా ఎర్రబడటం కిటికీలోంచి చూశాను.

స్టేషన్లో మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టారు. చాలాసేపటికి ఎస్సైకి ఫోనొచ్చింది. విని, మొహం మార్చుకున్నాడు.

"కంప్లయింట్ లేదంట. సార్ పెద్దమనసుతో వదిలేయమన్నారు. లేవండి, ఇళ్ళకు పోండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. నిజం చెప్పాలి, లేచి పరుగెత్తాలనిపించింది. కేసు పడితే ఉద్యోగం రాదని నాన్న అన్న మాట చెవుల్లో మోగుతోంది.

స్వరాజ్యమ్మ లేవలేదు.

"కేసు రాయండ్రి సార్. రఘురామ్ సార్ కోడలి దుకాణంల జొరబడ్డమని రాయండ్రి. దుకాణం అన్న మాట మాత్రం మరువకుండ్రి."

"నీకేమైనా పిచ్చా? జైలుకి పోతావ్."

"పోత. నా బిడ్డ వరండాల పండుకుంది. పని సుత పోయింది. ఇంక దేనికి భయపడాలె? కోర్టుల జడ్జి ముంగట గాయన చెప్పాలె, గది ఏందో."

"నా పేరు కూడా రాయండి," అన్నాను.

మంజూష కూడా తన పేరు చెప్పింది. లేచి నిలబడ్డ ఆడవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. అప్పుడే తలుపు దగ్గర కలకలం రేగింది. తలకి గుడ్డ చుట్టుకుని రాజనర్సయ్య లోపలికి వచ్చాడు. పోలీసు ఆపబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"నా మీద సుత రాయండ్రి. బయట మా బస్తీ ఉన్నది, ఆటో అడ్డా ఉన్నది, హాస్టల్ పిల్లలున్నరు. అందరి మీద రాయండ్రి."

గేటు దాకా జనం. ఒకరి వెనక ఒకరు నిలబడి తమ పేర్లు గట్టిగా చెబుతున్నారు. ఎస్సై బల్ల మీద ఫోను మళ్ళీ మోగింది. అతను దానివంకా మావంకా చూశాడు. అది మోగుతూనే ఉంది.

మేం లేవలేదు.